రాయగడ దారికి పాత డిస్కు

జయపురానికి దారి కావాలని కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి చూడండి. చాలాసార్లు అది రాజస్థాను వైపు బయల్దేరుతుంది. రాయగడ అని కొడితే ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్ ఒకటి, శివాజీ కోట ఉన్న మహారాష్ట్ర రాయ్‌గడ్ మరొకటి ముందుకొచ్చి నిలబడతాయి. మన రాయగడ మూడో వరసలో చేతులు కట్టుకుని ఉంటుంది. ఒక్క అక్షరం తేడా వస్తే వందల కిలోమీటర్లు దారి తప్పించగల ఊళ్ళు మనవి. రైల్వేవారు తెలివైనవారు. జయపురానికి జె వై పి, రాయగడకు ఆర్ జి డి ఎ, కోరాపుట్‌కు కె ఆర్ పి యు అని గుర్తులు పెట్టి ఆ తగువు ఎప్పుడో తీర్చేశారు. రోడ్డు మీద వెళ్ళేవాడికి అలాంటి గుర్తులేవీ లేవు.

పేరు సరిగ్గా దొరికిందనుకోండి, అప్పుడు రెండో కష్టం. సాలూరు దాటి ఘాటీ ఎక్కడం మొదలుపెట్టాక, కొండ అడ్డొచ్చిన మలుపుల్లో ఫోనుకు మాట పడిపోతుంది. రెండేళ్ళ కిందట డిసెంబరులో మా బంధువులు అయిదుగురు హైదరాబాదు నుంచి కారులో రాయగడలో పెళ్ళికి బయల్దేరారు. ఫోనులో దారి చూపించే సదుపాయం ఉందిగదా అని ఎవరినీ అడగలేదు. పొట్టంగి ప్రాంతంలో అది 'దగ్గర దారి' అని ఒక మట్టి రోడ్డులోకి దింపింది. నాలుగు కిలోమీటర్లు పోయాక సిగ్నలు లేదు, బొమ్మ లేదు, తెల్లటి తెర మీద నీలం చుక్క ఒకటే మిగిలింది. చీకటి పడింది. కారులో మా పెద్దత్తయ్య ఉంది. ఆమెకు చక్కెర జబ్బు, రాత్రి ఎనిమిదింటికి ఇన్సులిను తీసుకుని భోజనం చెయ్యాలి. మందు ఉంది గాని భోజనం లేదు. సంతనుంచి తిరిగి వెళుతున్న ఒక ఆదివాసీ కుటుంబం దారి చూపించబట్టి పదింటికి మళ్ళీ పెద్ద రోడ్డు ఎక్కారు. పెళ్ళిలో అందరూ దీన్ని నవ్వుతూనే చెప్పుకున్నారు. పెద్దత్తయ్య మాత్రం నవ్వలేదు.

ఆ కథ విని ఊరుకోలేనివారు మా బావగారు. ముప్ఫయి ఏళ్ళు అమెరికాలో ఉద్యోగం చేసి, ఇప్పుడు చలికాలం నాలుగు నెలలూ రాయగడలో గడుపుతున్నారు. "మా రోజుల్లో ఇలా అయ్యేది కాదు బావా. ఇంటి దగ్గరే దారంతా వేసుకుని, కాగితం మీద అచ్చు తీసుకుని, అప్పుడు తాళం తిప్పేవాళ్ళం. ఆ సాఫ్టువేరు ఇప్పుడు దొరికితే బాగుండును," అన్నారు. అన్నవారు ఊరుకోక వెతకడం మొదలుపెట్టారు. ఆ వెతుకులాటలో తెలిసిన సంగతులే ఈ వ్యాసం. విదేశాల్లో ఉన్న మన పాఠకులలో చాలామంది ఇళ్ళల్లో, గరాజుల్లో, అట్టపెట్టెల అడుగున ఇవే డిస్కులు ఇంకా పడి ఉంటాయని నా అనుమానం.

ఇంతకీ ఏమిటా సాఫ్టువేరు? దాని పుట్టుక ఇంగ్లండులో. 1988లో నెక్స్ట్‌బేస్ అనే కంపెనీ ఆటోరూట్ అనే ప్రోగ్రామును డాస్ కంప్యూటర్ల కోసం తయారుచేసింది. బయల్దేరే ఊరు, చేరే ఊరు కొడితే ఏ రోడ్డు, ఎక్కడ మలుపు, ఎన్ని మైళ్ళు, ఎంతసేపు అన్నది వరసగా అచ్చు వేసి ఇచ్చేది. అమెరికాలో దీన్నే ఆటోమ్యాప్ పేరుతో అమ్మారు. 1994లో మైక్రోసాఫ్టువారు నెక్స్ట్‌బేస్‌ను కొనుక్కున్నారు. ఆ వంశంలో పుట్టినదే తరువాత అమెరికాలోని మన వాళ్ళకు బాగా పరిచయమైన స్ట్రీట్స్ అండ్ ట్రిప్స్. ఐరోపాకు మాత్రం ఆటోరూట్ పేరే ఉంచారు. అటు మెయిన్ రాష్ట్రంలో డెలార్మ్ అనే కంపెనీ 1991లో స్ట్రీట్ అట్లాస్ తెచ్చింది. అమెరికా వీధులన్నీ ఒకే ఒక్క సీడీలో పట్టించడం అప్పటికి పెద్ద వింత. రాండ్ మెక్‌నాలీ అనే పాత పటాల కంపెనీ ట్రిప్‌మేకర్ తెచ్చింది. వేసవి సెలవులు రాబోతున్నాయంటే కంప్యూటరు దుకాణాల్లో ఈ పెట్టెలు ఒక వరసకు వరస ఉండేవని బావగారు చెబుతారు.

ఇవి దారి ఎలా వెతుకుతాయన్నది ముచ్చటైన కథ. 1956లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్చి యువకుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ హోటల్లో కూర్చుని, రోటర్‌డామ్ నుంచి గ్రోనింగెన్‌కు అన్నిటికన్నా దగ్గర దారి ఏది అన్న లెక్కకు ఇరవై నిమిషాల్లో ఉపాయం కనిపెట్టాడు. చేతిలో కాగితం, కలం కూడా లేవు. 1959లో దాన్ని అచ్చు వేశాడు. ఉపాయం మన ఇల్లాళ్ళు బజారు చేసే పద్ధతే: బయల్దేరిన చోటునుంచి చేరగలిగే ఊళ్ళలో అన్నిటికన్నా దగ్గరది మొదట ఖాయం చేసుకో, దాన్నుంచి ఇంకా ఎక్కడికి చేరవచ్చో చూడు, పాత లెక్క కన్నా తక్కువ వస్తే దిద్దుకో, అలా గమ్యం తగిలేదాకా పో. ఈ రోజు ఫోన్లలో దారి చూపించేవన్నీ ఆ ఉపాయానికి బిడ్డలో, మనవలో.

మరి పాత డిస్కులో ఉన్నదీ, ఫోనులో లేనిదీ ఏమిటి? ఇక్కడ బావగారికీ నాకూ రెండు మూడు సాయంత్రాలు వాదన జరిగింది. చివరికి నేను ఒప్పుకున్నది ఇది. ఫోను 'ఇప్పుడు, ఇక్కడినుంచి' అన్న ప్రశ్నకు జవాబు చెబుతుంది. పాత ప్రోగ్రాము రేపటి ప్రయాణానికి జాతకం వేస్తుంది. రోజుకు ఎన్ని గంటలు నడుపుతారు, ఎన్నింటికి బయల్దేరతారు, పెద్ద రోడ్డు మీద మీ వేగమెంత, చిన్న రోడ్డు మీద ఎంత, మీ బండి గాలనుకు ఎన్ని మైళ్ళిస్తుంది, ఎక్కడ ఎంతసేపు ఆగుతారు, ఇవన్నీ అది ముందే అడుగుతుంది. ఆగే చోట గుర్తు గుచ్చి దాని పక్కన నాలుగు మాటలు రాసుకోవచ్చు. అన్నీ కలిపి మొదటి రోజు రాత్రికి ఫలానా ఊళ్ళో పడుకోవాలని తేల్చి చెబుతుంది. బొమ్మంతా మీ కంప్యూటర్లోనే ఉంటుంది కనుక టవరుతో పని లేదు. ఇంట్లో నలుగురూ బల్ల చుట్టూ చేరి తగువులాడుకుని, దారి ఖాయం చేసుకున్నాకే బండి కదిలేది. ఆ తగువు కూడా ప్రయాణంలో భాగమే.

ఆ రోజులు పోయాయి. మైక్రోసాఫ్టు 2013 ప్రతితో స్ట్రీట్స్ అండ్ ట్రిప్స్‌ను ఆపి, ఇక తయారుచెయ్యబోమని 2014లో చెప్పేసింది. ఆటోరూట్‌కూ అదే గతి. డెలార్మ్‌ను 2016లో గార్మిన్ కంపెనీ కొనేసింది, స్ట్రీట్ అట్లాస్ అక్కడితో సరి. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. 2005లో గూగుల్ పటాలు వచ్చి ఉచితంగా దారి చెప్పసాగాక, డబ్బిచ్చి పెట్టె కొనేవాడెవడు?

ఇప్పుడు ఎవరికైనా ఆ డిస్కు కావాలంటే మార్గాలు మూడు. మొదటిది, ఎవరి అటకమీదైనా వెతకడం. బావగారికి ఇదే కలిసొచ్చింది. వారి అమ్మాయి ఇంటి నేలమాళిగలో 2006 నాటి సీడీ పెట్టెతో సహా దొరికింది. పెట్టె ముఖ్యం. ప్రోడక్ట్ కీ అనే తాళంచెవి అక్షరాలు దానిమీదే ఉంటాయి, అవి లేకపోతే సీడీ కాఫీ కప్పు కింద పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు. రెండోది, పాత సామాను అమ్మేవాళ్ళ దగ్గర కొనడం. కొనేముందు తాళంచెవి ఉందా, సీడీ మీద గీతలున్నాయా అని అడిగి తీరాలి. మూడోది, 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే గ్రంథాలయం. పాత సీడీల నకళ్ళు ఎందరో అందులో దాచి ఉంచారు. అమ్మకం ఆగిపోయినంత మాత్రాన కంపెనీకి హక్కు పోదు, ఆ సంగతి మనసులో ఉంచుకోవాలి. ఊరూ పేరూ లేని చోట్లనుంచి దింపుకుంటే దారితోపాటు వైరస్సు కూడా రావచ్చు.

సీడీ దొరికితే సగం పని అయినట్టే. మిగతా సగం దాన్ని నడిపించడం. ఇప్పటి లాప్‌టాపుల్లో సీడీ పెట్టే నోరే ఉండదు, విడిగా కొనాలి. తొంభైల తొలినాళ్ళ ప్రోగ్రాములు 16 బిట్లవి. ఇప్పటి 64 బిట్ల విండోసు వాటిని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఒక్కోసారి ప్రోగ్రాము 32 బిట్లదే అయినా దాన్ని లోపల పెట్టే సెటప్పు 16 బిట్లది అయి మొరాయిస్తుంది. డాస్ కాలం వాటికి డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్టువేరు ఉంది. విండోసు కాలం వాటికి వర్చువల్ బాక్స్ వంటిదానిలో పాత విండోసును, అద్దె ఇంట్లో కాపురం పెట్టినట్టు, లోపల ఒక గదిలో పెట్టి నడపాలి. మా మేనల్లుడు ఒక ఆదివారం పొద్దుటినుంచి కూర్చుని, సాయంత్రానికి బావగారి 2006 సీడీని అలా లేపి కూర్చోబెట్టాడు.

బావగారికి అసలు కావలసింది సాఫ్టువేరు ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది. ఒక పెన్‌డ్రైవులో నలభైకి పైగా ఫైళ్ళున్నాయి, 2001 నుంచి 2012 దాకా. ఇ ఎస్ టి తోక ఉన్న ఫైళ్ళు అవి, ఆ ప్రోగ్రాము తప్ప మరేదీ సరిగా తెరవలేనివి. వారు, మా అక్కయ్య, పిల్లలు కలిసి తిరిగిన దారులన్నీ వాటిలో ఉన్నాయి. అక్కయ్య పోయి ఆరేళ్ళయింది. ఎక్కడ ఆగాలో గుర్తులు గుచ్చి పక్కన మాటలు రాసే పని ఆవిడది. 'ఇక్కడ పెరుగు దొరుకుతుంది', 'చిన్నవాడికి ఇక్కడ కడుపులో తిప్పింది, వచ్చేటప్పుడు మెల్లగా', 'గుడి పన్నెండింటికి మూసేస్తారు'. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. 2006 ప్రతి అంతకు ముందువి తెరిచింది. తరువాతి ఫైళ్ళు దానికి అర్థం కాలేదు. పాత ప్రోగ్రాముకు కొత్త ఫైలు చదవడం రాదు, ఇది వీటి జాతి గుణం. చివరికి బావగారి మిత్రులొకరి పాత లాప్‌టాపులో 2013 ప్రతి బతికి ఉందని తెలిసి, ఫైళ్ళన్నీ ఆయనకు పంపారు. ఆయన వాటిని ఒక్కొక్కటే తెరిచి జి పి ఎక్స్ అనే రూపంలోకి మార్చి, గుర్తుల పక్కన మాటలు విడిగా అచ్చు తీసి పంపించారు.

ఈ జి పి ఎక్స్ సంగతి మీ ఇంట్లో ఇలాంటి ఫైళ్ళుంటే తప్పక గుర్తుంచుకోండి. 2002లో పుట్టిన ఈ రూపం ఏ ఒక్క కంపెనీదీ కాదు, ఉత్త అక్షరాల ఫైలు. ఏ పటం సాఫ్టువేరైనా దాదాపు తెరుస్తుంది. ఆటోరూట్ 2002 ఫైళ్ళున్నవారికి జి పి ఎస్ బాబెల్ అనే ఉచిత సాఫ్టువేరు పాత ప్రతి పనికొస్తుంది. ఇంకో పదేళ్ళకు ఆ 2013 ప్రతి ఉన్న లాప్‌టాపులు ఎన్ని మిగులుతాయి? ఫోటోల గురించి పడే ఆత్రంలో నాలుగోవంతు వీటి గురించి కూడా పడితే మంచిది.

సరే, అమెరికా దారులు దొరికాయి. మన కొండల సంగతేమిటి? ఆ డిస్కులు కోరాపుట్ పేరు ఎరగవు. స్ట్రీట్స్ అండ్ ట్రిప్స్‌లో ఉన్నది ముఖ్యంగా అమెరికా, కెనడాలు. ఆటోరూట్‌లో ఐరోపా. మనదేశంలో పటాలను కంప్యూటర్లోకి ఎక్కించే పనికి మ్యాప్ మై ఇండియా సంస్థ 1995లో మొదలై, 2004లో ఇంటర్నెట్టులో పటం పెట్టింది. అంటే ఓహైయోలో తెలుగు కుటుంబం సీడీ పెట్టి నయాగరాకు దారి వేసుకుంటున్న రోజుల్లో రాయగడలో దారి చెప్పేది లారీ డ్రైవరు, కిలోమీటరు రాయి, ఇంకా కావాలంటే టి.టి. మ్యాప్స్ వారి రోడ్డు పుస్తకం.

అలాగని మనకు ప్రయాణం ముందే వేసుకునే అలవాటు లేదనుకోకండి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసునుంచి కాశీకి బయల్దేరి, పదిహేను నెలల తరువాత 1831లో తిరిగి వచ్చారు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర తిరగేస్తే ఏ మజిలీకి ఎంత దూరం, నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా అన్నవి మజిలీ మజిలీకీ కనిపిస్తాయి. తరువాత వెళ్ళేవాడికి పనికొచ్చేలా రాసినవి. అవే కదా అక్కయ్య గుర్తుల పక్కన రాసినదీ! అయితే ఆయన తిరుగు ప్రయాణం పూరీనుంచి సముద్రతీరం వెంబడే సాగింది, మన ఘాటీలు ఎక్కలేదు.

ఘాటీల సంగతికి 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు చూడాలి. విశాఖపట్నం జిల్లా అంటే అప్పట్లో జయపురం సంస్థానం కూడా అందులోనే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు కోరాపుట్ జిల్లా అయి అటు వెళ్ళింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు ఈ నేలవారే. దారులు తెలుగుదేశం వైపూ, కాగితాలు ఒరియాదేశం వైపూ అయ్యాయన్నమాట. ఇంకా వివరం కావాలంటే 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియా వారి పటాలున్నాయి. 65వ నంబరు గళ్ళలో జె గడి కోరాపుట్‌ది, ఎమ్ గడి రాయగడది. వాగు, చెరువు, గుట్ట ఎత్తు అన్నీ ఉంటాయి గాని రోడ్ల విషయంలో అవి సర్వే జరిగిన నాటివి.

పాత పటాన్ని నమ్మితే ఇక్కడ ఏమవుతుందో చూడండి. 1992 అక్టోబరు 2న రాయగడ వేరు జిల్లా అయింది. 1998లో కోరాపుట్‌నుంచి రాయగడకు రైలు పూర్తయింది. 2010లో జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చేశారు: సాలూరు మీదుగా కోరాపుట్ వెళ్ళే రోడ్డు మన నోళ్ళలో ఇంకా 43, రాళ్ళ మీద మాత్రం 26. కోరాపుట్‌నుంచి లక్ష్మీపురం మీదుగా రాయగడకు వెళ్ళేది 326. 2011లో రాష్ట్రం పేరు ఒడిశా అయింది. 2022 ఏప్రిల్‌లో సాలూరు, పార్వతీపురం విజయనగరం జిల్లానుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. పాత పటం పట్టుకున్న పెద్దాయన '43 ఎక్కడ?' అని అడిగితే కుర్ర పోలీసు తెల్లమొహం వేస్తాడు. పటం కొత్తదైనా చాలదు. 2017 జూలైలో రాయగడ దగ్గర ఒక్క వరదకు తేరుబలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది. ముందురోజు పటంలో అది నిక్షేపంగా ఉండి ఉంటుంది.

అందుకని బావగారు చేసింది ఇది. బొమ్మ కొత్తది, పద్ధతి పాతది. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ అనే అతను మొదలుపెట్టిన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అని ఒకటుంది. ఊరూరా ఉన్నవాళ్ళు తమ వీధులు తామే గీసి చేర్చే పటం అది, ఉచితం. దాన్ని ఓస్‌మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ వంటి ప్రోగ్రాములతో ఇంట్లో ఉండగానే ఫోనులోకి మొత్తం దింపుకోవచ్చు. ఆ తరువాత టవరు ఉన్నా లేకపోయినా బొమ్మ చెరిగిపోదు, నీలం చుక్క తెల్ల తెర మీద ఒంటరిగా మిగలదు. గూగుల్ పటాలను కూడా ఇలా ముందుగా దింపుకునే వీలుంది. ఒడిశా, ఆంధ్ర రెండూ దింపుకోవాలి సుమా. ఒక్క రాష్ట్రమే దింపుకుంటే సరిహద్దు దగ్గర దారి గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతుంది.

వేగాల లెక్క మాత్రం సొంతంగా వెయ్యాలి. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, రాయగడ 200 మీటర్ల పైచిలుకు. మధ్య దూరం సుమారు 110 కిలోమీటర్లు. గంటకు అరవై చొప్పున రెండు గంటలు కూడా పట్టదని కంప్యూటరు సంబరపడుతుంది. ఘాట్ రోడ్డు మీద, ముందు లారీ, వెనక బస్సు, మధ్యలో పశువులు, సగటున ముప్ఫయి అయిదు అనుకుంటే మూడు గంటలు దాటుతుంది. వాంతులయ్యే పిల్లలుంటే మరో అరగంట కలపండి. బావగారి నియమం ఒకటే: ఘాటీ అన్నది వెలుగుండగా దాటాలి. భారతదేశపు గడియారానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ జయపురానికి పక్కనుంచే పోతుంది కనుక ఇక్కడ గడియారానికీ సూర్యుడికీ పెద్దగా పేచీ ఉండదు. సంక్రాంతి రోజుల్లో అయిదున్నర దాటితే పొద్దు వాలిపోయినట్టే.

ఈ సంక్రాంతికి అమెరికానుంచి పిల్లలు వస్తారని వారు ఆరు రోజుల ప్రయాణం వేశారు. విశాఖపట్నం, విజయనగరం, సాలూరు, కోరాపుట్, రాయగడ, పార్వతీపురం, మళ్ళీ విజయనగరం. మొదట గడియారం తిరిగే వైపుకే వేశారు. అప్పుడు సంతలు గుర్తొచ్చాయి. డోంగ్రియా కోందులు కొండలు దిగి వచ్చే చాటికొన సంత బుధవారం. సెమిలిగుడ దగ్గర కుందులి సంత శుక్రవారం. ఏ దారి లెక్క వేసే యంత్రానికీ వారాలు తెలియవు. చక్రం తిప్పి వేశారు. మంగళవారం పార్వతీపురం మీదుగా రాయగడ, సాయంత్రం మజ్జి గౌరి అమ్మవారి దర్శనం. బుధవారం బిస్సంకటక్ వైపు వెళ్ళి చాటికొన. గురువారం లక్ష్మీపురం, కాకిరిగుమ్మ మీదుగా కోరాపుట్ ఎక్కడం. శుక్రవారం కుందులి, ఎండ బాగుంటే ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన 1,672 మీటర్ల దేవమాలి. శనివారం ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలోని జయపురం. ఆదివారం సాలూరు ఘాటీ దిగి ఇంటికి. బండికి నూనె పోయించుకోవడం రాయగడ, కోరాపుట్, జయపురం వంటి పెద్ద ఊళ్ళలోనే, ట్యాంకు సగం ఉండగానే. సంతలో ఎవరినైనా ఫోటో తీసేముందు అడగాలి, వద్దంటే మానాలి, అది కూడా కాగితంలో రాశారు.

అంతా కలిసి రెండు పేజీలొచ్చింది. ఎడమవైపు ఊరు, పక్కన కిలోమీటర్లు, చేరే వేళ, ఆగే సేపు. కుడివైపు ఖాళీగా ఒక వరస వదిలారు. అది మాటలు రాయడానికి. పెద్దత్తయ్య కూడా వస్తానంది కనుక ప్రతి రోజూ రాత్రి ఎనిమిదికి భోజనం ఎక్కడో ఎర్ర సిరాతో రాశారు.

కారు నడపబోయే అబ్బాయి పార్వతీపురంవాడు, ఈ రోడ్డు మీద పదేళ్ళు లారీ తోలాడు. బావగారు కాగితాలు ఇచ్చి చూడమన్నారు. అతను శ్రద్ధగా చదివి, జేబులోంచి పెన్సిలు తీసి ఒక్క చోట దిద్దాడు. ఆదివారం కోరాపుట్‌నుంచి ఉదయం ఆరింటికి బయల్దేరడం అని ఉన్నది. "జనవరిలో ఆ వేళకి పొగమంచు బాబూ, ముందు బండి ఎర్రదీపం కూడా అగుపడదు. ఎనిమిదిన్నర ఎట్టండి," అని దాన్ని కొట్టేసి, ఖాళీ వరసలో 'మంచు' అని రాశాడు.